పట్నానికి పోయేదెంత? తిరిగొచ్చేదెంత?

సంతబొమ్మాళి మండలం మూలపేట ఒడ్డున రేవు కట్టడానికి 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. నాలుగు వేల కోట్ల రూపాయల పైచిలుకు పథకం. మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు లేచి నౌపడ దగ్గర కాలనీకి పోవాలని తేల్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, రేవు మాత్రం మారలేదు. ఇటు ఉద్దానంలో మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయానికి భూములు కావాలన్నారు. 2025లో అక్కడి రైతులు, జీడి తోటల మీద బతికే కూలీలు ఎదురు తిరిగారు. రేవు, విమానం, పెద్ద రోడ్డు, కరెంటు తీగ, వీటన్నిటినీ కలిపి అభివృద్ధి అంటున్నారు. సరే, అందాం. రేవు అన్నది సరుకు పోవడానికో రావడానికో కడతారు గదా. మన దగ్గర్నుంచి పోయేదేమిటి, ఎవరికి పోతుంది, బదులుగా మనకొచ్చేదేమిటి అన్న లెక్క ఒకటుండాలి. శిలాఫలకం మీద మంత్రుల పేర్లున్నాయి గాని ఆ లెక్క లేదు.

ఆ లెక్క మనమే కట్టుకుందాం. కూలీవాడికి లెక్క రాదనుకునే ఆసామి కాలం పోయింది.

పట్నాన్ని ఒక పెద్ద పశువనుకోండి. దానికి పొద్దున్నే కుడితి కావాలి, మేత కావాలి, సాయంత్రానికి అది పేడ వేస్తుంది. ఈ మాట ఎగతాళికి అనటం లేదు. 1965లో ఏబెల్ వోల్మన్ అనే అమెరికా ఇంజనీరు సరిగ్గా ఇలాగే లెక్క వేశాడు. పది లక్షల జనమున్న ఒక అమెరికా పట్నాన్ని ఊహించుకుని, దానికి రోజుకి 6,25,000 టన్నుల నీళ్లు, 2,000 టన్నుల తిండి, 9,500 టన్నుల బొగ్గు, నూనె, గ్యాసు కావాలన్నాడు. అదే రోజు ఆ పట్నం 5,00,000 టన్నుల మురుగు, 2,000 టన్నుల చెత్త, 950 టన్నుల విషపు పొగ బయటికి తోస్తుందన్నాడు. అరవై ఏళ్ల కిందటి అమెరికా లెక్క ఇది. మన విశాఖకి, హైదరాబాదుకి అంకెలు వేరేగా ఉంటాయి. పద్ధతి మాత్రం అదే.

వోల్మన్ పట్టీలో ఒక్క కాలమ్ లేదు. ఆ రెండు వేల టన్నుల తిండి పండించినవాడి కూలి ఎంత? చెత్త పారబోసిన జాగా ఎవరిది? ఇంజనీరు దానికి జవాబు చెప్పక్కర్లేదనుకున్నాడు. మనం చెప్పుకోవాలి.

ఇరవై బస్తాల ధాన్యం, ఒక బస్తా యూరియా

ముందు ధాన్యం సంగతి. మన జిల్లాలో బస్తా అంటే 80 కిలోలు. ఆ బస్తా ధాన్యంలో ఇంచుమించు ఒక కిలో నత్రజని ఉంటుంది. నత్రజని అంటే మరేం కాదు, యూరియాలో ఉండే సత్తువే. 45 కిలోల యూరియా బస్తాలో అది ఇరవై కిలోల పైచిలుకు. అంటే ఇరవై బస్తాల ధాన్యం ఊరి పొలిమేర దాటిందంటే ఒక యూరియా బస్తా సత్తువ దాటిపోయినట్టు. గడ్డి ఊళ్లోనే ఉంటుంది, పశువు తిని పేడ వేస్తే పెంటకుప్పకి, అక్కణ్ణుంచి మడికి తిరిగొస్తుంది. గింజ అలా కాదు. పట్నంలో తిన్నవాడి కడుపులోంచి మరుగుదొడ్డికి, మురుగు కాలవకి, చివరికి సముద్రానికి పోతుంది. మడికి తిరిగి రాదు.

ఆ గుంట పూడ్చడానికి గల్ఫ్ గ్యాసు కావాలి, లేకపోతే ఓడల మీద యూరియా దిగాలి. ఎక్కడో ఒక దేశం ఎగుమతి ఆపితే ఇక్కడ పంట ఆగుతుంది. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లో యూరియా కోసం వరసలు కట్టింది చూశాం కదా. బస్తా సర్కారు ధర 266 రూపాయల 50 పైసలు. ఆ ధరకి దొరికినవాడు గట్టివాడే. పాసుబుక్కు లేని కౌలుదారు వరసలో ఎక్కడ నిలబడ్డాడో చెప్పక్కర్లేదు. తన మడి సత్తువని బస్తాల్లో కట్టి పట్నానికి పంపినవాడే, ఆ సత్తువ మళ్లీ కొనుక్కోవడానికి ఎండలో నిలబడ్డాడు.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ నేల సత్తువ మీద రాసినవన్నీ మార్క్స్ శ్రద్ధగా చదివాడు. 1867లో అచ్చయిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఆ సంగతి పెట్టాడు. పెట్టుబడిదారీ విధానం జనాన్ని పెద్ద పట్నాల్లో కుప్పపోస్తుంది, తిండిగా బట్టగా మనిషి వాడుకున్నది నేలకి తిరిగి చేరకుండా అడ్డం పడుతుంది, అలా కూలీని, నేలని రెండిటినీ ఒక్కసారే పిండుతుంది అని ఆయన వాదన. ఆయన లండన్లో ఉన్న రోజుల్లోనే, 1858 వేసవిలో, థేమ్స్ నదిలో కలిసిన మురుగు కంపుకి పార్లమెంటు కిటికీ తెరల్ని సున్నపు మందులో ముంచి వేలాడదీశారు. తన ఎరువుని నదిలో పారబోసుకున్న ఆ ఇంగ్లండే పొలాల కోసం పెరూ దీవుల నుంచి పక్షి రెట్టని ఓడలకొద్దీ తెప్పించుకుంది. ఆ దీవుల్లో రెట్ట తవ్వినవాళ్లలో మాయమాటలు చెప్పి చైనా నుంచి పట్టుకొచ్చిన కూలీలున్నారు. పట్నం ఆకలి ఎంత దూరం పోతుందో చూడండి.

తంపర, కరెంటు

పక్షి రెట్ట మాటొచ్చింది గనక మన తేలినీలాపురం సంగతి చెప్పుకోవాలి. టెక్కలి మండలంలోని ఆ ఊరి చెట్ల మీదకి ఏటా సెప్టెంబరు ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి. ఊళ్లో సైబీరియా పక్షులంటారు. గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, ఎండలు ముదిరేలోగా పోతాయి. వాటి తిండి ఎక్కడిది? నౌపడ ఉప్పుటేర్లలో, కాకరాపల్లి తంపరలో దొరికే చేప. తంపరలో తిన్న చేప రెట్టయి ఊరి నేలకే పడుతుంది. ఊరికి చుట్టాల్లా వచ్చే పక్షులు తిన్నదాన్ని ఊరికే ఇచ్చిపోతున్నాయి. మేత తిని ఎరువు ఇవ్వనిది పట్నం ఒక్కటే.

తంపర అంటే బయటివాళ్లకి అర్థం కాదు. కాగితాల్లో దాన్ని పనికిరాని నేలగా రాసుకున్నారు. వానకాలంలో పై ఊళ్ల నీళ్లు వచ్చి నిలిచే పల్లం అది. అక్కడ చేప ఉంది, పశువుకి గడ్డి ఉంది, పైన ఊళ్ల పొలాలు మునక్కుండా నీళ్లు పట్టుకునే జాగా ఉంది. భూమి లేనివాడికి పట్టా లేని పొలం అనుకోండి. ఆ పక్కనే 2,640 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం పెడతామని ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీ వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. 2,640 మెగావాట్లు రోజంతా నడిస్తే ఆరు కోట్ల ముప్పై లక్షల యూనిట్లు. దేశవాళీ బొగ్గయితే యూనిట్‌కి ఆరేడు వందల గ్రాములు కాలుతుంది. రోజుకి నలభై వేల టన్నుల బొగ్గన్న మాట. మన దేశం బొగ్గులో మూడో వంతు బూడిదే. అంటే రోజుకి పదమూడు వేల టన్నుల బూడిద. ఆరిన బూడిదని పది టన్నుల లారీలకెత్తితే పదమూడు వందల లారీలు. కరెంటు తీగ మీద నిశ్శబ్దంగా పట్నం పోతుంది. బూడిద పోదు, ఇక్కడే ఉంటుంది. వేడినీళ్లు ఇక్కడి సముద్రానికే.

వడ్డితాండ్ర ఆడోళ్లకి ఈ లెక్క ఎవరూ పలక మీద రాసి చూపించలేదు. వాళ్లకి తెలుసు. 2010 జులై 14న సోంపేట బీల కోసం నిలబడ్డవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎనిమిది నెలలు తిరక్కముందే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఏళ్ల తరబడి దీక్షా శిబిరాలు, కేసులు, వాయిదాలు. సోంపేట కేంద్రం రాలేదు. కాకరాపల్లిది సగంలో ఆగిపోయింది. పట్నంలో ఒక్క దీపం కూడా దానివల్ల ఆరలేదు. ఆ కరెంటు లేకపోతే రాష్ట్రం చీకటైపోతుందని అప్పుడు చెప్పిన పెద్దలు ఇప్పుడు ఆ మాట ఎత్తరు.

ఎత్తరు గాని కొత్త మాటలు తెస్తారు. సరుబుజ్జిలి వైపు వెన్నెలవలస దగ్గర థర్మల్ కేంద్రం, రణస్థలం మండలం కొవ్వాడలో అణు కేంద్రం. ఇంత కరెంటు ఎవరికి? ఒక ఉదాహరణ చాలు. 2025 అక్టోబరు 14న గూగుల్ కంపెనీ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ స్థాయి అన్నారు. ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. రోజంతా పూర్తిగా నడిస్తే రెండు కోట్ల నలభై లక్షల యూనిట్లు. నెలకి వంద యూనిట్లు కాల్చే ఇల్లు మనది అనుకుంటే, ఆ ఒక్క కేంద్రం డెబ్బై లక్షల ఇళ్ల కరెంటు తినేస్తుంది. డేటా కేంద్రమంటే గిడ్డంగి నిండా కంప్యూటర్లు, వాటిని చల్లబరచడానికి యంత్రాలు. చల్లదనానికి నీళ్లూ అడుగుతారు. సౌర విద్యుత్తే, గాలి మర విద్యుత్తే వాడతామంటున్నారు. వాడితే మంచిదే. సౌర పలకలు ఆకాశంలో పెట్టరు, వాటికీ నేల కావాలి. ఏ నేల? మళ్లీ కాగితాల్లో పనికిరానిదని రాసిన నేలే.

పిక్క మనది, కాటా వాళ్లది

జీడి సంగతికి వద్దాం. పలాస జీడిపప్పు అంటే దేశమంతా తెలుసు. ఢిల్లీ మిఠాయి కొట్లోనూ ఉంటుంది, పెళ్లి విందులోనూ ఉంటుంది. ఉద్దానం ఎర్ర మట్టిలో చెట్టు కింద వంగి పిక్కలేరే ఆడకూలి, పలాస కాశీబుగ్గ కార్ఖానాల్లో పిక్క కొట్టే మనిషి, పొట్టు తీసే మనిషి, గుండు వేరు బద్ద వేరు ముక్క వేరు చేసే మనిషి, వీళ్ల చేతులు దాటకుండా ఒక్క గింజ కూడా పట్నం పోదు. గింజల్ని 180, 240, 320 అని రకాలు కడతారు. అది ఒక పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్న లెక్క. తెల్లోడు పోయాడు, పౌను పోలేదు.

80 కిలోల పిక్కల బస్తాకి 16 వేల రూపాయలివ్వాలని ఉద్దానం రైతులు రోడ్డెక్కారు. 80 కిలోల పిక్కల్లోంచి ఇరవై కిలోల పప్పు వస్తుంది. ఈసారి పట్నం పోయినప్పుడు కొట్లో కిలో పప్పు ధర అడగండి, ఇరవైతో హెచ్చవేయండి, అందులోంచి రైతు ధర తీసేయండి. మిగిలినదాంట్లో పొట్టు తీసిన మనిషికి కిలోకి ఎంత ముట్టిందో ఆమెనే అడగండి. తేడా ఎక్కడ దిగబడిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. రైతు గట్టిగా అడిగితే వ్యాపారి చెప్పే జవాబు ఒకటుంది: ఆఫ్రికా పిక్క చవగ్గా వస్తోంది, ఇష్టమైతే ఇయ్యి. ఐవరీ కోస్టులోనో బెనిన్లోనో పిక్కలేరే మనిషి మనకంటే తక్కువకి ఏరుతున్నాడని దానర్థం. అతని చవక కూలితో మన ధర కోస్తున్నారు, మన కార్ఖానా కూలితో అతని దేశంలో కార్ఖానా లేవకుండా చేస్తున్నారు. రేపు రేవు పూర్తయితే ఆ పిక్కలు మూలపేటలోనే దిగొచ్చు. దిగనివ్వండి. దిగిన రోజున మన పిక్క ధర ఎంత, కార్ఖానా కూలి ఎంత అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి.

పెంకు సంగతి చాలామంది మర్చిపోతారు. జీడి పెంకులో ఉండే నూనె చేతుల్ని కాలుస్తుంది. పిక్క కొట్టేవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది. అదే నూనె రంగుల తయారీకి, వార్నీషులకి, బండ్ల బ్రేకు లైనింగులకి పోతుంది. పట్నంలో బస్సు ఆగిందంటే అందులో పలాస ఆడకూలి వేలి చర్మం కూడా ఉందనుకోవచ్చు.

నౌపడ ఉప్పుది ఇంకా పాత కథ. పర్లాకిమిడి రాజా 1900లో నౌపడ నుంచి చిన్న రైలు వేయించాడు. ఈ తీరం ఉప్పు ఒడిశాకి, ఛత్తీస్‌గఢ్‌కి పోతూనే ఉంది. ఎండాకాలం నాలుగు నెలలు మడుల్లో కాళ్లు ఉడికించుకున్నవాడికి వాన పడ్డ రోజు నుంచి పని లేదు. టెక్కలి నీలి గ్రానైటు దిమ్మలు ఓడలెక్కి దేశాలు దాటి పెద్దవాళ్ల ఇళ్లలో నేల పరుపులవుతాయి. ఇక్కడ మిగిలేది గొయ్యి, రాతి ముక్కల గుట్ట, ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ము.

పెంపకం ఖర్చు ఊరిది

ఇన్ని సరుకుల్లోనూ పెద్ద సరుకు మనిషే. పలాస స్టేషన్లో రాత్రి పూట నిలబడితే తెలుస్తుంది. ఫలక్‌నుమా ఎక్కేవాళ్లు హైదరాబాదుకి, కోణార్క్ ఎక్కేవాళ్లు ముంబైకి. మట్టి పని, తాపీ పని, కాపలా పని. తీరం కుర్రాళ్లు గుజరాత్ వేరావల్‌కి పోయి పరాయి బోట్ల మీద చేపలు పడతారు. మన ఒడ్డున సముద్రం లేకనా? 2018 నవంబరులో అలా పోయినవాళ్లని పాకిస్తాన్ పట్టుకుపోతే, ఇరవై మంది ఉత్తరాంధ్ర జాలర్లు 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటికి రాలేదు. వాళ్లొచ్చిన రెండు నెలలకే లాక్‌డౌన్. రాత్రికి రాత్రి పట్నానికి కూలీ అక్కర్లేకపోయింది. వేరావల్‌లో చిక్కుకున్న వేలమంది మనవాళ్లని బస్సుల్లో తెచ్చేసరికి ఏప్రిల్ నెలాఖరు దాటింది.

దీన్ని కూడా మేత లెక్కలాగే చూడాలి. పిల్లాణ్ణి పద్దెనిమిదేళ్లు పెంచింది ఊరు. బియ్యం ఊరివి, తల్లి పాలు ఊరివి, బడి ఊరిది. పని చేసే ఇరవై, ఇరవై ఐదేళ్లు పట్నం వాడుకుంటుంది. నడుం వంగాక, జబ్బు చేశాక మళ్లీ ఊరికే పంపుతుంది. పట్నంలో మేస్త్రీ ఇచ్చే కూలి ఆ రోజు తిండికి సరిపోయేది. పెంచినందుకు, ముసలితనానికి అందులో పైసా లేదు. ఆ ఖర్చంతా ఊళ్లో ఉన్న అప్ప, అమ్మ, కూలికిపోయే పెళ్లాం భరిస్తారు. పట్నం కూలి చవగ్గా ఉన్నదంటే దాని గుట్టు ఇదే.

ఉద్దానంలో ఆ ఖర్చు ఇంకా ఎక్కువ. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో శాస్త్రవేత్తలు ఇంకా ఒక్క మాటగా తేల్చలేదు. వంశధార హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల ఖర్చుతో తాగునీరు, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇది ఏళ్ల తరబడి జనం అడిగి తెచ్చుకున్నది, ఎవరి దయా కాదు. అయినా డయాలసిస్‌కి పోయేవాడికి ఆ రోజు కూలి ఎవరిస్తారు? తోడు పోయే మనిషి కూలి ఎవరిస్తారు? తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న కొబ్బరి, జీడి చెట్లని పడగొట్టాక చేతిలో తోట కూలి కూడా పోయింది. కొబ్బరి మొక్క పెట్టిన ఆరేడేళ్లకి గాని కాపుకి రాదు. ఆ ఆరేడేళ్లూ రైలెక్కినవాళ్లే ఎక్కువ.

ఇలాంటప్పుడు ఊళ్లో పని ఉంటే మనిషి రైలెక్కడు. అది తెలిసే 2005 ఉపాధి హామీ చట్టం కోసం అంత కొట్లాడాం. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజులు కాదు 125 రోజులు అన్నారు. వ్యవసాయ పనుల ముమ్మరంలో మొత్తం 60 రోజులు పనులు ఆపే వీలు అందులోనే పెట్టారు, కూలి ఖర్చులో 40 శాతం మనలాంటి రాష్ట్రం మీద వేశారు. ఉభాల రోజుల్లో సర్కారు పని లేకపోతే ఆసామి చెప్పిందే కూలి. అది గిట్టనివాడు పలాస స్టేషన్‌కి పోతాడు. పట్నం బిల్డర్లకి ఇంతకంటే మేలు చేసే చట్టం ఇంకోటి అక్కర్లేదు.

పట్నంలో ఉన్నవాళ్లంతా మనల్ని తింటున్నారని మేం అనటం లేదు. విశాఖ కాపులుప్పాడ చెత్త గుట్ట పక్కన, హైదరాబాదు జవహర్‌నగర్ చెత్త పక్కన ఉన్నది కూడా మనలాంటి బీదలే. మురుగు గోతిలో దిగేది మన మనిషే. మేత తిన్నవాడు ఒకడు, పేడ మోసేవాడు ఇంకొకడు. ఊరికీ పట్నానికీ మధ్య తగువు పెట్టి కాటా పట్టుకున్నవాడు తప్పుకుంటాడు, అదీ జాగ్రత్త.

ఇప్పుడు చేతిలో ఉన్న పని. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి పోయే చోట నష్టపోయేది పట్టాదారు ఒక్కడే కాదు. ఆ భూమి మీద మూడేళ్లుగా కూలి చేసి బతికే కుటుంబం, కౌలుదారు, చేపల మీద బతికే కుటుంబం, వీళ్లంతా నష్టపోయిన కుటుంబాలే. ఈ మాట రెవెన్యూవాళ్లు తమంతట తాము చెప్పరు. విమానాశ్రయం పేరు చెప్తున్న జీడి తోటల ఊళ్లలోనూ, నౌపడ ఉప్పు మడుల దగ్గరా, తంపర చుట్టూ ఉన్న ఊళ్లలోనూ సంఘం శాఖలు ఇల్లిల్లూ తిరిగి పట్టీ రాయాలి: ఇంటి పెద్ద పేరు, ఎవరి తోటలో ఎన్నేళ్లుగా పని, ఏడాదికి ఎన్ని రోజులు, ఏ కూలి, ఏ చెరువులో చేపలు, పశువులు ఎన్ని, ఎక్కడ మేస్తాయి. ఆడోళ్ల పేరు వేరుగా రాయండి, మొగుడి పేరు కింద కలపొద్దు. రైలెక్కి పోయినవాళ్ల పేర్లు కూడా రాయండి, వాళ్లు ఊరి మనుషులే. రెండు ప్రతులు తీసి ఒకటి గ్రామసభలో పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకుని శాఖ కార్యదర్శి దగ్గర దాచండి.